రెండు సీళ్ళు మార్చినా ఆయిల్ ఆగట్లేదు, బాక్సే మార్చేయమంటారా?

ఈసారి ఉత్తరం పాత లారీ నడుపుకునే ఒకాయన రాశారు, పేరు వద్దన్నారు. నాలుగు పేజీలుంది. సగం స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పితే ఆ తిప్పుడును చక్రాల వైపు పంపే పెట్టె) గురించి, సగం మనుషుల గురించి. కుదించి చెప్తాను.

లారీ వాళ్ళ నాన్నగారిది, ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు ఈయనే నడుపుతున్నారు, ఇల్లు గడిచేది దాని మీదే. ఐదు నెలల కిందట పవర్ స్టీరింగ్ బాక్స్ అడుగున చెమ్మ కనిపించింది, తర్వాత చుక్కలు మొదలయ్యాయి, ఆ తర్వాత పొద్దున్నే బండి కింద పరిచిన అట్టముక్క మీద అరచేతంత మరక. చిన్ననాటి స్నేహితుడే మెకానిక్కు. అతను కింది సీల్ (బాక్స్ లోంచి బయటికొచ్చే షాఫ్ట్, అంటే ఇరుసు, చుట్టూ ఆయిల్ కారకుండా ఉండే రబ్బరు రింగు) మార్చాడు, ఆరు వారాలు ఆగింది. మళ్ళీ కారడం మొదలైతే నాన్నగారు వచ్చి, "ప్లే ఎక్కువై కారుతోంది" అని బాక్స్ మీదున్న స్క్రూ బిగించారు (ప్లే అంటే స్టీరింగ్ కాస్త తిప్పినా చక్రాలు కదలని వదులు). ప్లే కాస్త తగ్గిందట గానీ, మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం మానేసింది. స్నేహితుడు రెండో సీల్ వేశాడు, అది పదకొండు రోజులకే పోయింది. ఎవరో చెబితే లీకు ఆపే మందు కూడా ఒక సీసా స్టీరింగ్ ఆయిల్ ట్యాంకులో పోశారు. ఇప్పుడు రెండు రోజులకు అర లీటరు ఆయిల్ పోయాల్సి వస్తోంది. ఇంకో మెకానిక్కు బాక్స్ మొత్తం మార్చమన్నాడు, తమ్ముడేమో బండే అమ్మేయమంటున్నాడు. ఉత్తరం చివర ఇలా ఉంది: "వాడు కావాలని చేశాడని అనుకోను. కానీ పని రాదేమో అన్న అనుమానం వచ్చాక వాడితో మామూలుగా మాట్లాడలేకపోతున్నాను. ఇంకోసారి సీల్ వేయించాలా, బాక్స్ మార్చాలా, అమ్మాలా? తీసిన సీళ్ళు రెండూ నా దగ్గరే ఉన్నాయి, పారెయ్యలేదు."

ఆ చివరి వాక్యం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. సీళ్ళు ఉన్నాయంటే సగం జవాబు మీ దగ్గరే ఉన్నట్టు. ఎందుకంటే సీల్ ఊరికే చావదు, దాన్ని ఏదో చంపుతుంది. ఆ చంపిందేదో తేలకుండా మూడో సీల్ వేసినా, కొత్త బాక్సే తెచ్చి పెట్టినా, మీరు డబ్బు పెట్టి కొనుక్కునేది ఇంకొన్ని వారాల గడువు మాత్రమే.

ముందు ఆ రెండింటినీ గుడ్డతో తుడిచి మంచి వెలుతురులో పక్కపక్కన పెట్టండి. లోపలి అంచున షాఫ్ట్‌ను పట్టుకుని ఉండే సన్నటి రబ్బరు పెదవి ఉంటుంది, దాని చుట్టూ మెల్లగా వేలు తిప్పండి. ఒకేచోట బ్లేడుతో గీసినట్టు గాటు తగిలితే, అది ఎక్కించేటప్పుడు తెగింది. డ్రాప్ ఆర్మ్ (షాఫ్ట్ తిరుగుడును చక్రాల వైపు అందించే ఇనుప చెయ్యి) కూర్చునే చోట షాఫ్ట్ చివర పళ్ళుంటాయి కదా, వాటికి టేపు చుట్టకుండా సీల్ తోస్తే అవి పెదవిని కోసేస్తాయి. (నేనూ ఒకసారి తొందరలో ఈ పని చేశాను. మొదటిసారి స్టీరింగ్ తిప్పగానే కారింది, మళ్ళీ అంతా విప్పాను.) పెదవి ఒక పక్క మాత్రమే అరిగి రెండో పక్క కొత్తదానిలా ఉంటే, షాఫ్ట్ పక్కకు ఊగుతోంది, అంటే బేరింగ్ అయిపోయింది. చుట్టూ గట్టిపడి, వంచితే సన్నటి పగుళ్ళు కనిపిస్తే ఆయిల్ బాగా వేడెక్కుతోంది. మెత్తగా ఉబ్బి జిగటగా ఉంటే పడకూడని ఆయిల్ ఏదో పడింది, లేదా ఆ మందు పని. ఇవేవీ లేకుండా సీల్ శుభ్రంగా ఉంటే మాత్రం రెండే దారులు, షాఫ్ట్ మీద గాడి పడి ఉండాలి, లేదా అసలు కారేది అక్కడ నుంచి కాదు.

సీళ్ళు చూడకుండా నన్ను ఊహించమంటే బేరింగ్ అంటాను. మొదటిది ఆరు వారాలు, రెండోది పదకొండు రోజులు. పనితనమే బాగాలేకపోతే రెండూ ఇంచుమించు ఒకేలా పోవాలి. ఆయుష్షు ఇలా తగ్గుకుంటూ వస్తోందంటే లోపల ఏదో అరుగుతూ పోతోందని అనుమానించాలి. అయినా ఇది ఊహే, బండి చెప్పిందే ఖాయం.

బండిని అడగాలంటే ముందు దానికి స్నానం చేయించాలి. ఇరవై ఏళ్ళ జిడ్డు మీద లీకు వెతకడం దండగ. కారేది పైన, తడిసేది కింద. పంపు దగ్గర హోస్ పైపు చెమరుస్తున్నా, పై మూత మీద ఆ స్క్రూను కదలకుండా పట్టే చెక్ నట్టు దగ్గర ఊరుతున్నా, ఆ నూనె బాక్స్ ఒంటి మీదుగా జారి అడుగున డ్రాప్ ఆర్మ్ దగ్గరే చుక్క కడుతుంది, నింద మాత్రం కింది సీల్‌కు వస్తుంది. డీజిలూ బ్రష్షూ పెట్టి తోమి, సబ్బు నీళ్ళతో కడిగి, గాలి కొట్టి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత చక్రాలకు అడ్డం పెట్టి ఇంజన్ స్టార్ట్ చేసి, ఒకరిని స్టీరింగ్ మెల్లగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పమనండి. మీరు టార్చి పట్టుకుని పై నుంచి కిందికి చూసుకుంటూ రండి. మొదట ఎక్కడ మెరుస్తుందో అదే లీకు. హోసుల వెంట మాత్రం వేలు పెట్టి తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. ఆ ఒత్తిడిలో సూదిమొన బెజ్జం నుంచి వచ్చే ఆయిల్ చర్మం లోపలికి దూరుతుంది. పైకి చిన్న పోటులానే కనిపిస్తుంది గానీ వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన గాయం అది.

ఒత్తిడి అంటే ఎంతో ఒక లెక్క చెప్తాను. లారీ టైరులో గాలి సుమారు 8 బార్ ఉంటుంది. స్టీరింగ్ గట్టిగా తిప్పినప్పుడు ఈ బాక్సులో ఆయిల్ 100 బార్ దాటగలదు. అయితే ఎప్పుడూ అంత ఉండదు. తిన్నగా వెళ్తున్నంతసేపూ ఆయిల్ వాల్వు గుండా ఊరికే తిరిగి ట్యాంకుకు వచ్చేస్తుంది, మీరు తిప్పినప్పుడే వాల్వు దారి మూసి ఒత్తిడి పెంచుతుంది. 1920ల్లో ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికన్ ఇంజనీరు పవర్ స్టీరింగ్ తయారుచేసినప్పుడు పట్టుకున్న కిటుకు ఇదే, ఆయనా లారీల వైపు పని చేసినవాడే. మనకు ఇందులో పనికొచ్చే సంగతి ఏమిటంటే, నిలబెట్టిన బండి కింద పొద్దున కనిపించే మరకను బట్టి లీకు అంచనా వేయకూడదు. అసలు లీకు మలుపుల్లో జరుగుతుంది. కొన్ని బాక్సుల్లో ఒక వైపు తిప్పినప్పుడే సెక్టార్ షాఫ్ట్ (డ్రాప్ ఆర్మ్‌ను తిప్పే షాఫ్ట్ ఇదే) ఉన్న గదిలోకి పూర్తి ఒత్తిడి వస్తుంది, కాబట్టి కుడికి తిప్పితే ఏమీ లేక ఎడమకు తిప్పితే ధార కట్టినా ఆశ్చర్యపోకండి.

కడిగిన బండి అలా నిలబడి ఉండగానే ఇంకో పరీక్ష చేయండి. ఇదే అన్నిటికంటే ముఖ్యం. పై మనిషిని స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ టకటకా ఊపమనండి. మీరు డ్రాప్ ఆర్మ్ పక్కన, చెయ్యి ఇరుక్కోని దూరంలో ఉండి, షాఫ్ట్ బాక్స్ లోంచి బయటికొచ్చే చోటునే చూడండి. షాఫ్ట్ తన చోట తాను తిరగాలి, అంతే. తిరిగే ముందు వెంట్రుక వాసి పక్కకు జరిగినా బేరింగ్ పోయినట్టే, ఆ షాఫ్ట్ మీద ఎంత మంచి సీల్ వేసినా నిలవదు. అదే చూపుతో బాక్స్ ఛాసిస్‌కు బిగించిన బోల్టుల వైపూ చూడండి. ఒక్కోసారి బాక్స్ మొత్తమే కదులుతుంటుంది, మనం లోపల ప్లే ఉందనుకుంటాం. బోల్టుల చుట్టూ తుప్పు రంగు పొడి ఉన్నా, ఛాసిస్ మీద సన్నటి పగులు ఉన్నా ముందు ఆ పని చూడాలి, సీల్ తర్వాత.

ఇక నాన్నగారి స్క్రూ. ఆయన్ను తప్పుపట్టకండి, ప్లే తగ్గించడానికి ఉన్న స్క్రూ అదే. కానీ అది చేసేది సెక్టార్ షాఫ్ట్ పళ్ళను ఎదుటి పళ్ళలోకి దగ్గరగా నెట్టడం, లీకుకూ దానికీ సంబంధం లేదు. బాక్స్ సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు పళ్ళు కావాలనే కాస్త బిగుతుగా ఉండేలా తయారుచేస్తారు, తిన్నగా వెళ్ళేటప్పుడు స్టీరింగ్ ఊగకుండా. చక్రాలు ఓ పక్కకు తిరిగి ఉన్నప్పుడు స్క్రూ బిగించారనుకోండి, మధ్యకు వచ్చేసరికి పట్టేస్తుంది. మీ స్టీరింగ్ వెనక్కి రాకపోవడం ఆ లక్షణమే, పైగా బేరింగ్ మీద అదనపు భారం. అలాగని మీరిప్పుడు వెళ్ళి పావు చుట్టు వదులు చేసేయకండి. డ్రాప్ ఆర్మ్‌ను చక్రాలకు కలిపే లింకు రాడ్ ఊడదీసి, బాక్స్ మధ్యకు తెచ్చి, తిప్పడానికి ఎంత బలం పడుతోందో కొలిచి సరిచేయాల్సిన పని అది. ఇంకోటి, ఆ స్క్రూ చెక్ నట్టు కిందే ఒక సీల్ ఉంటుంది, నట్టు కదిలిస్తే అక్కడి నుంచీ ఊరడం మొదలవ్వొచ్చు. మీకు ఇప్పుడున్నవి రెండు లీకులేమో కూడా!

ఈ పరీక్షలన్నీ అయ్యాక మీ ప్రశ్నకు వద్దాం. నేను ఇది చేయండి అని తేల్చి చెప్పను, ఏ దారిలో వెళ్తే ఏమవుతుందో చెప్తాను.

ఇంకోసారి సీల్ వేయించడం. షాఫ్ట్ ఊగకపోతే ఇదే సరైన దారి, బాక్స్ దించక్కర్లేదు. డ్రాప్ ఆర్మ్‌కూ షాఫ్ట్‌కూ కలిపి ఒక గీత గీసి గుర్తు పెట్టుకుని, పుల్లర్‌తో లాగాలి. సుత్తితో బాదితే ఆ దెబ్బ నేరుగా లోపలి బేరింగులకూ పళ్ళకూ తగులుతుంది, లీకు కోసం వెళ్ళి ప్లే తెచ్చుకున్నట్టవుతుంది. (మీ స్నేహితుడు దేనితో తీశాడో గుర్తుందా?) సీల్ ఊడాక షాఫ్ట్‌ను తుడిచి, పెదవి ఆనే చోట మీద నిలువుగా గోరు గీరండి. గోరు ఎక్కడా ఆగకుండా జారితే మంచిది. టక్కుమని ఆగితే గాడి పడింది, కొత్త సీల్ పెదవి కూడా ఆ గాడిలోనే కూర్చుంటుంది. గాడి చిన్నదైతే, చోటుంటే, సీల్‌ను కొంచెం ముందుకో వెనక్కో కూర్చోబెట్టి పెదవి కొత్త ఇనుము మీద ఆనేలా చేయొచ్చు, లేదా కొలతకు దొరికితే షాఫ్ట్‌కు పల్చటి స్లీవ్ తొడగొచ్చు. లోతుగా ఉంటే ఈ దారి వదిలేయండి. సీల్‌ను పట్టి ఉంచే సర్‌క్లిప్ తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఆయిల్ ఒత్తిడితోనే పాత సీల్‌ను బయటికి కక్కించే పద్ధతి కొందరు వాడతారు. పని చేస్తుంది, కాదనను. కింద పెద్ద పళ్ళెం ఉండాలి, ఎవరి మొహమూ బాక్స్ కింద ఉండకూడదు, సీల్ ఊడిన క్షణంలో ఇంజన్ ఆపాలి. ఓపిక ఉంటే కొక్కెంతో తీయడమే మేలని నా అభిప్రాయం. కొత్తది ఎక్కించేటప్పుడు పళ్ళకు టేపు, పెదవికి ఆయిల్, పెదవి ముఖం ఎటు ఉండాలో పాతది తీసేటప్పుడే ఫోటో. ఇంతే, గంటల పని. గెలిస్తే తక్కువలో బయటపడతారు. ఓడితే ఇది మూడోసారి ఓడినట్టు, ఈసారి నష్టం డబ్బుతో ఆగదు, స్నేహం దాకా వెళ్తుంది.

బాక్స్ దించి మొత్తం విప్పించి సీళ్ళు, బేరింగులు అన్నీ మార్చించడం. షాఫ్ట్ ఊగుతుంటే ఇక్కడికి రాక తప్పదు. మామూలు లారీ మెకానిక్కులు అందరూ చేసే పని కాదిది. లోపల గోళీలు వరసలో తిరుగుతుంటాయి, కొన్ని బాక్సుల్లో ఒకటి విడిచి ఒకటి వెంట్రుక వాసి చిన్నవిగా ఉంటాయి, వాటిని కలగాపులగం చేస్తే స్టీరింగ్ పట్టేస్తుంది. అందుకని స్టీరింగ్ బాక్సులే చేసేవాళ్ళ దగ్గరికి పంపండి. విప్పాక షాఫ్ట్, లోపలి పళ్ళు, పిస్టన్ నడిచే గోడ మీకు చూపించి, ఆ తర్వాతే కొత్త సీళ్ళ కిట్ వేయమని ముందే చెప్పండి. గోడ గీతలు పడి ఉంటే అక్కడే ఆపేసి బాక్స్ మార్చుకోవచ్చు. బండి కొన్ని రోజులు ఆగుతుంది, ఆ రోజుల సంపాదన కూడా ఖర్చులో కలుపుకోండి.

కొత్త బాక్సో, తిరిగి తయారుచేసిన బాక్సో తెచ్చుకోవడం. బండి తొందరగా రోడ్డెక్కుతుంది, ఖర్చు ఎక్కువ. బాక్స్ మీదున్న రేకు నంబరు గీకి రాసుకుని వెళ్ళండి, పైచూపుకు ఒకేలా ఉన్నా తిప్పే వైపు, ఎన్ని చుట్లు, షాఫ్ట్ లావు, పైపు మరలు వేరుగా ఉండొచ్చు. చక్రాలు తిన్నగా, బాక్స్ మధ్యలో ఉండేలా బిగించాలి. చాలామంది మర్చిపోయేది పాత ఆయిల్. మీరు మందు కూడా పోశారు, అది రబ్బరును ఉబ్బించి కొన్నాళ్ళు ఆపుతుంది, ఆ తర్వాత అదే రబ్బరు మరీ మెత్తబడొచ్చు. పైపులు, ట్యాంకు, ట్యాంకులోని ఫిల్టర్ అన్నీ కడగకుండా కొత్త బాక్స్ పెడితే పాత చెత్త అంతా దాని నోట్లోకే వెళ్తుంది. ఫిల్టర్ మూసుకుపోతే వెనక్కి వచ్చే ఆయిల్‌కు దారి లేక పై షాఫ్ట్ (స్టీరింగ్ వైపు నుంచి బాక్స్‌లోకి వచ్చేది) సీల్ మీద ఒత్తిడి పడుతుంది. మీ ఉత్తరంలో ఐదు నెలల కథ ఉంది, ఫిల్టర్ మాట ఒక్కసారి కూడా లేదు.

తుక్కులో తీసిన బాక్స్ గురించి మీరు అడగలేదు, ఎవరో ఒకరు సలహా ఇస్తారు గనక చెప్తున్నా. అదీ మీ బండి వయసుదే, దాని సీళ్ళదీ అదే వయసు.

ఏమీ చేయకుండా పోస్తూ నడపడం కూడా ఒక దారే, చాలామంది నడుపుతారు. కొన్ని రోజులు మరమ్మతు వీలుకాకపోతే రోజూ పొద్దున లెవెల్ చూసి, మాన్యువల్‌లో చెప్పిన ఆయిలే పోసి నడపండి. ఏది దొరికితే అది పోయొద్దు, బ్రేక్ ఆయిల్ అయితే ఒక్క చుక్క కూడా వద్దు, ఈ రబ్బరును అది నాశనం చేస్తుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పి అక్కడే పట్టుకుని ఉంచకండి, ఆయిల్ సెగలెక్కేది అప్పుడే. కానీ ఆయిల్ అడుగంటితే ఏమవుతుందో తెలుసుకుని నడపండి. చక్రాలతో సంబంధం తెగదు, స్టీరింగ్ తిరుగుతుంది, కానీ లోడు బండి మలుపు మధ్యలో ఉండగా ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటే మీ రెండు చేతులూ చాలవు. ముందు పంపు ఊళ వేస్తుంది, ట్యాంకులో నురగ కనిపిస్తుంది, అవి హెచ్చరికలు. ఒక్క ట్రిప్పు మధ్యలోనే పోయాల్సి వచ్చినా, స్టీరింగ్ ఎక్కడైనా పట్టినట్టు తగిలినా, ఆయిల్ సైలెన్సర్ గొట్టం మీదో బ్రేకు పైపుల మీదో పడుతున్నా బండి ఆపేయండి. స్టీరింగ్ వెనక్కి రావట్లేదన్నారు కాబట్టి మీరు ఆ గీతకు దగ్గరలోనే ఉన్నారు. నేనైతే ఈ వారమే కడిగి చూస్తాను.

అమ్మడం గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. ఇంజన్, గేర్‌బాక్స్, ఛాసిస్ బాగుంటే ఒక్క స్టీరింగ్ బాక్స్ కోసం బండి అమ్మడం తొందరపాటు. అవి కూడా మొరాయిస్తుంటే తమ్ముడి మాటలో న్యాయం ఉంది. అమ్మితే లీకు సంగతి కొనేవాడికి చెప్పే అమ్మాలి, స్టీరింగ్ విషయంలో దాపరికం పనికిరాదు.

మీ స్నేహితుడి సంగతి. "నీకు పని రాదా" అన్న ప్రశ్న మీ నోటి దాకా వచ్చి ఆగిపోతోంది, అతనికీ అది తెలుస్తూనే ఉండుంటుంది. ఆ ప్రశ్న అడగకండి. బండి కడిగిన రోజు అతన్నే పిలవండి, స్టీరింగ్ ఊపే పని అతనికి కాకుండా మీ తమ్ముడికి ఇచ్చి, అతన్ని మీ పక్కన కింద కూర్చోబెట్టుకుని "ఇక్కడ షాఫ్ట్ కదుల్తోందంటావా?" అని అడగండి. ఇద్దరూ ఒకే చోట చూస్తుంటే వాదన ఉండదు. షాఫ్ట్ ఊగుతోందని తేలితే అతని రెండు సీళ్ళూ నిర్దోషులు, కాకపోతే విప్పినప్పుడు ఈ పరీక్ష చేసుండాల్సింది, అది అతనికే అనిపిస్తుంది. సీల్ మీద గాటు కనబడితే తప్పు చేతిలో ఉంది, అప్పుడు మూడో సీల్ కూలీ లేకుండా వేయమని అడిగే హక్కు మీకుంది, స్నేహంగానే అడగొచ్చు. బాక్స్ లోపలి పని తన వల్ల కాదని అతను ఒప్పుకుంటే దాన్ని చిన్నతనంగా తీసుకోకండి, దించడం బిగించడం అతనికే ఇవ్వండి. నాన్నగారికి మాత్రం స్క్రూ సంగతి మీరే మెల్లగా చెప్పండి, మెకానిక్కు నోటి నుంచి వింటే ఆయనకు కష్టంగా ఉంటుంది.

ఏ దారి పట్టినా చివర్లో గాలి తీయడం మర్చిపోకండి. ముందు చక్రాలు జాకీతో లేపి స్టాండ్ల మీద పెట్టి, ట్యాంకు నింపి, ఇంజన్ ఆపే ఉంచి స్టీరింగ్ మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకు పదిహేను ఇరవైసార్లు తిప్పండి, మధ్యలో లెవెల్ పడిపోతుంటే పోస్తూ ఉండండి. బుడగలు ఆగాకే స్టార్ట్ చేయాలి. తర్వాత ట్యాంకు మీద లెవెల్ దగ్గర ఒక టేపు ముక్క అంటించండి, వారం రోజులు ఆ టేపు కంటే కిందికి దిగుతోందా లేదా అన్నదొక్కటే చూడండి. ఆ వారం చివర డ్రాప్ ఆర్మ్ నట్టు, బాక్స్ బోల్టులు మాన్యువల్ చెప్పినంత బిగుతుగానే ఉన్నాయో లేదో మళ్ళీ రెంచి పెట్టి చూడాలి.

ఆ రెండు సీళ్ళూ అప్పటిదాకా పారేయకండి, మీ స్నేహితుడు కూడా వాటి మీద ఓసారి వేలు తిప్పి చూడాలి.